మూడో మెట్టు మీద ఆగినవాడు

ఫిబ్రవరి 4

గువ్వా,

నువ్వు పంపిన అట్టపెట్టె శుక్రవారం చేరింది. పైన నీ చేతిరాత చూసి పోస్టుమాన్ “బొమ్మలేసే అమ్మాయేనా?” అన్నాడు. అవునంటే సరిపోయేది. నేను పావుగంట చెప్పాను. పాపం ఆయన సైకిలు స్టాండు వేసి మరీ విన్నాడు.

ఒక్కోదాని నిండా వరసలుగా బొమ్మలున్న ఆ కాగితాలు యాభై ఎనిమిదీ ఉన్నాయి, ఒక్కటీ నలగలేదు. సినిమా ఉన్న చిన్న కార్డు ముక్కని ఫోనులో దూర్చడానికి మీ నాన్నకి ఒక పూట పట్టింది. పిన్నీసుతో పొడుస్తూ ఫోనుని కాసేపు, నన్ను కాసేపు తిట్టాడు. “దయ్యాల బొమ్మలు గీయడానికా దీన్ని అంత దూరం పంపింది” అని గొణిగాడు కానీ ముక్క దూరేదాకా లేవలేదు.

“ఫోనులో అడిగితే బాగుందమ్మా అని ఊరుకుంటావు, రాసి చెప్పు” అన్నావు. రాస్తున్నాను. అయిదో తరగతిలో ఆగిన చదువు, ఎక్కడైనా ఒత్తులు జారిపోతే ఏరుకో. “నా స్నేహితులందరూ అదిరిపోయింది అంటున్నారు, అది నాకు పనికిరాదు. నువ్వు ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఆరొందల దుప్పట్లలో తప్పులు పట్టే మనిషివి, నా సినిమాలో పట్టు” అని రాశావే, ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. ఆస్పత్రి లాండ్రీలో మడతలు పెట్టేదాన్ని సినిమా ఎలా ఉందని అడిగినవాళ్ళు ఈ భూమ్మీద నువ్వొక్కదానివే.

సరే, చెప్తాను విను. నిన్న మధ్యాహ్నం తిండి వేళప్పుడు మడత బల్ల మీద దిండుగలీబుల దొంతరకి ఫోను ఆనించి పెట్టాను. ఇస్త్రీ వదిన, బాయిలర్ తాత, నేను. నీ సినిమాలో, ఇంట్లో ఒక్కతే పిల్ల. నిండా తెల్ల దుప్పటి కప్పుకున్నదేదో మెట్లెక్కి వస్తోంది. ఆ పిల్ల గోడకి వీపు ఆనించి మెల్లగా కిందికి జారడం ఎంత బాగా గీశావో. తాత తినేది చేతిలోనే పట్టుకుని నోరు తెరిచేశాడు. “ఈ బొమ్మలన్నీ ఒక్క పిల్లే గీసిందా?” అన్నాడు. “ఒక్కతే. పగలంతా ప్రింటింగ్ షాపులో నిలబడి పనిచేసి, ఆ తరవాత గీసింది” అన్నాను. నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది.

ఇక తప్పులు. ఒకటి, తలుపు గడియ ముందు ఎడమవైపు ఉంది, పిల్ల పరిగెత్తి వచ్చేసరికి కుడివైపుకి పోయింది. రెండు, గ్లాసులోకి నీళ్ళు వంపుతుంది కానీ గ్లాసు నిండదు. మూడు, అసలైనది, ఆ దుప్పటి. అది తడిదా, పొడిదా? పొడిదైతే మెట్టెక్కినప్పుడు అంచు ముందుకి విసురుకోవాలి. తడిదైతే కాళ్ళకి అతుక్కోవాలి. నీ దుప్పటి రెండూ చెయ్యడం లేదు, కాగితంలా బిర్రుగా ఉంది. గంజి ఎక్కువైంది అన్నాడు తాత.

మూడో మెట్టు మీద అది ఆగగానే ఫోను ఆగిపోయింది. ఛార్జింగ్ అయిపోయింది. మిగతాది తరవాత చూస్తాను.

మీ అమ్మ

ఫిబ్రవరి 9

అమ్మా,

నీ ఉత్తరం షాపులో కౌంటర్ కింద దాచుకుని మూడుసార్లు చదివాను. మా ఓనరు “ఏంటి, ప్రేమలేఖా?” అన్నాడు. “గంజి ఎక్కువైందని రాశారు సార్” అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

గడియ మార్చేశాను. నలభై మంది చూశారు ఈ సినిమా, ఒక్కళ్ళూ పట్టుకోలేదు. గ్లాసులో నీళ్ళు నింపుతున్నాను. దుప్పటి కోసం నిన్న నా దుప్పటే కప్పుకుని మా హాస్టల్ మెట్లు ఎక్కాను. అంచు నిజంగానే ముందుకి విసురుకుంటుందమ్మా. పక్క గది అమ్మాయి నన్ను చూసి బకెట్ వదిలేసింది.

నీకు ఇంకా చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ ఏటా ఒక చిన్న హాల్లో కొత్తవాళ్ళ బొమ్మల సినిమాలు వేస్తారు. డబ్బూ దస్కం లేకుండా ఇంట్లో కూర్చుని తీసినవాళ్ళవే తీసుకుంటారు. ఈసారి పన్నెండు ఎంచారు, అందులో నాది ఉంది. మార్చి పదిలోగా చివరి కాపీ ఇవ్వాలి, పదిహేనున వేస్తారు. పెద్ద తెర మీద, అమ్మా. నేను గీసింది.

అందుకే తొందర. కాగితాల మీద తప్పున్నచోట గుర్తు పెట్టి పంపు. ఒక్క మాట మటుకు నిజం చెప్పు, నీకు భయం వేసిందా? భయం వేయకపోతే దయ్యం సినిమాకి అర్థం లేదు. మూడో మెట్టు మీద ఆ ఆగడం ఉంది చూడు, సినిమా అంతా దాని మీదే నిలబడింది. అక్కడ నీకేమనిపించిందో చెప్పు.

నీ గువ్వ

ఫిబ్రవరి 16

గువ్వా,

కాగితాలు పంపుతున్నాను. తప్పున్నచోట ఎర్రదారం ముడి వేశాను. మా లాండ్రీలో అదే పద్ధతి, నాకు రాయడం కంటే అదే సులువు.

హాల్లో వేస్తారంటే సంతోషం.

మూడో మెట్టు మీద ఏమనిపించిందని అడిగావు. ఛార్జింగ్ అయిపోలేదు. నేనే ఆపేశాను.

మూడు మెట్లు ఎక్కడం, ఆగడం, మళ్ళీ ఎక్కడం. ఆ చప్పుడు నేను ఆరేళ్ళు విన్నాను. చెవి పెట్టి విననక్కర్లేదు, మిషను కుడుతున్నా తెలిసిపోయేది, మీ అన్న వస్తున్నాడని. నీళ్ళ క్యాన్లు వేసేవాళ్ళు ఊళ్ళో వందమంది ఉంటారు. అలా ఎక్కేవాడు వాడొక్కడే.

వాడు పోయి రెండేళ్ళయింది. పోయాడు అన్న మాట ఇంతవరకు నా నోటితో అనలేదు, రాయడం కూడా ఇదే మొదలు. నువ్వేమో వాడికి తెల్లబట్ట కప్పి జనం కెవ్వుమనేలా మెట్లెక్కించావు. “అబ్బ, ఆ దయ్యాన్ని చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి” అంది ఇస్త్రీ వదిన. ఆవిడకేం తెలుసు. నేను పక్కనే నిలబడి మడతలు పెడుతూ విన్నాను, నా కొడుకుని దయ్యం అంటుంటే.

నాన్నకి చెప్పలేదు. నేనేమీ అనను. నీ సినిమా, నీ ఇష్టం.

అమ్మ

ఫిబ్రవరి 21

అమ్మా,

కట్ట విప్పి లెక్కపెట్టాను. అరవై ఒక్క ముడులు. మెట్ల సీను కాగితాలు పద్నాలుగింటికీ మూడేసి ఉన్నాయి. మిగతావాటిలో కొన్నిటికి ఒకటో రెండో. చివరి పదకొండు కాగితాలకి ఒక్క ముడి కూడా లేదు. అంటే చివర నీకు నచ్చింది, మెట్ల సీను ఎందుకూ పనికిరాదు. నాకు అర్థమైంది.

అన్నని దయ్యం చేద్దామని చెయ్యలేదమ్మా. నమ్ముతావో లేదో. నడక గీయడం బొమ్మల సినిమాలో అన్నిటికంటే కష్టం. అందరూ అద్దంలో తమ నడక చూసుకుని గీస్తారు. నేనూ ప్రయత్నించాను, కుదరలేదు. ఒకరోజు అలసిపోయి, ఏమీ ఆలోచించకుండా గీస్తూ పోయాను. చేయి దానంతట అదే గీసింది. తరవాత ఆడించి చూస్తే మెట్ల మీద అన్న ఉన్నాడు. నాకు కంఠతా వచ్చిన నడక అదొక్కటేనేమో. చెరిపేయాలని చూశాను, మనసొప్పలేదు. పైన దుప్పటి కప్పేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. నీకు తెలుస్తుందని తోచకపోవడం నా బుద్ధి తక్కువ.

మెట్ల సీను తీసేస్తే సినిమాలో ఏమీ మిగలదు. అందుకని హాలు వాళ్ళకి చెప్పేస్తాను, నా పేరు తీసేయమని. సోమవారం వెళ్తాను. నిన్ను బాధపెట్టి పెద్ద తెర మీద వేసుకోవాలని లేదు.

చివర నచ్చినందుకు మాత్రం సంతోషం. చెయ్యి సాగక అది గీయడానికి నాలుగు నెలలు పట్టింది.

గువ్వ

ఫిబ్రవరి 25

గువ్వా, పిచ్చితల్లీ,

ఈ ఉత్తరం చేరేలోపు నువ్వు ఆ హాలుకి పరిగెడతావేమోనని మీ నాన్న చేత ఫోను చేయించాను. “అమ్మ ఉత్తరం రాస్తోంది, అందాకా ఎక్కడికీ వెళ్ళకు” అని అంతే చెప్పమన్నాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఆయన ఎంతసేపు నీళ్ళు నమిలాడో నీకే తెలుసు. నన్నే మాట్లాడమన్నాడు. నేను మాట్లాడితే ఏడుపే వస్తుంది, మాట రాదు. ఉత్తరంలో అయితే కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

తప్పు నాది. రోగుల బట్టలుంటాయని నిన్ను చిన్నప్పటినుంచీ లాండ్రీ గుమ్మం దాటనివ్వలేదు, మా దారం సంగతి నీకెలా తెలుస్తుంది? నేనేమో లోకమంతటికీ తెలుసన్నట్టు ముడులు వేసి పంపాను.

మా దగ్గర పనికిరాని బట్టకి దారం వెయ్యరు. దాన్ని చూసీ చూడగానే పీలికల బుట్టలో పడేస్తాం. ముడి వేశామంటే ఈ బట్ట బతుకుతుంది, కుట్టుకి పంపండి అని. ఒక ముడి అంటే చిన్న చిరుగు, ఎవరైనా కుట్టొచ్చు. రెండంటే జాగ్రత్తగా కుట్టాలి. మూడు ముడులు నెలకి రెండు మూడు దుప్పట్లకి కూడా పడవు. మంచి నేత, దీన్ని పారెయ్యొద్దు, చేయి తిరిగినవాళ్ళకే ఇవ్వండి అని దాని అర్థం. ఆవేళ నీ మీద కోపంతో ఉడికిపోతున్నాను. అయినా మెట్ల కాగితాలు ముందు పెట్టుకుంటే వేళ్ళు మూడేసి ముడులే వేశాయి.

చివరి పదకొండు కాగితాలకి ముడి లేదంటే నచ్చిందని కాదమ్మా. నేను వాటిని తిప్పనేలేదు. మెట్లు దాటి ముందుకి పోలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చాక, నాన్న డ్యూటీకి వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసి మళ్ళీ చూశాను, మెట్ల వరకు. నాలుగుసార్లు. రెండేళ్ళుగా గోడ మీద వాడి ఫోటో చూస్తున్నాను గువ్వా, అందులో కదలడు. నీ సినిమాలో కదిలాడు. ముఖం లేదు, చేతులు లేవు, దుప్పటి కింద ఉన్నాడు, అయినా వాడే. నాలుగోసారి చూసేటప్పటికి నాకు కోపం ఎక్కడా దొరకలేదు. నా పిల్ల వేళ్ళలో మీ అన్న నడక ఉండిపోయింది. ఇక నేను ఎవరితో పోట్లాడను?

వాణ్ని తీసెయ్యకు. నీ పేరూ తీసెయ్యకు.

కానీ నువ్వు అడిగింది తప్పులు పట్టమని. మెట్ల సీనులో పెద్ద తప్పు ఉంది, ఆ మూడు ముడులు దానికే. నువ్వు ఆగడం గీశావు, ఎందుకు ఆగాడో గీయలేదు. ఖాళీ చేతుల మనిషి అలా ఎందుకు ఆగుతాడు? అందుకే అది దొంగ ఆగడంలా ఉంది, కావాలని జనాన్ని బెదిరించడానికి ఆగినట్టు. మీ అన్న భుజం మీద ఇరవై లీటర్ల క్యాన్ ఉండేది. మూడో మెట్టు మీద కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చుకునేవాడు. అదీ ఆగడం.

దుప్పటి కింద క్యాన్ పెట్టు. బయటికి చూపించకు. ఒకవైపు గుట్టలా ఎత్తుగా ఉండాలి, ఇంకోవైపు పల్లంగా. బరువు మోసేవాడు ముందు భుజం దించుతాడు, తరవాత కాలు ఎత్తుతాడు, అది కూడా చూసుకో. మూడో మెట్టు మీద ఆ గుట్ట ఇటునుంచి అటు జరగాలి, మెల్లగా. అదేమిటో చూసేవాళ్ళకి తెలియదు, హడలిపోతారు. నాకు తెలుసు కాబట్టి నేను హడలను. ఇద్దరికీ సరిపోతుంది.

చివర ఏముందో ఆదివారం చూస్తాను. ఈసారి ఆపను.

మీ అమ్మ

మార్చి 1

అమ్మా,

వెళ్ళలేదు. నాన్న ఫోనులో “ఎక్కడికీ వెళ్ళకు” అని నాలుగుసార్లు అన్నాడు, ఎందుకో చెప్పకుండా పెట్టేశాడు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ చేస్తే ఎత్తి “అమ్మ బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను, క్షేమమేనా” అని ఉత్తరం రాసినట్టు చదివాడు.

పద్నాలుగు కాగితాలూ మళ్ళీ గీశాను, షాపుకి మూడు రోజులు సెలవు పెట్టి. దుప్పటి కింద క్యాన్ పెట్టాను. భుజం ముందు దించాను. ఆడించి చూస్తే ఎలా ఉందో తెలుసా? ఆ గుట్ట మెడ వెనకనుంచి అటు జరుగుతుంటే, అది క్యాన్ అని తెలిసిన నేనే వెళ్ళి లైటు వేశాను. పక్క గది అమ్మాయి సగంలో లేచిపోయింది. బహుశా ఇక నాతో మాట్లాడదు.

అమ్మా, చివర చూడకు. చూసే ఉంటే సరే. చూడకపోతే ముందు ఇది చదువు.

ఆ చివరి పదకొండు కాగితాల్లో అది పైకి వచ్చి తలుపు కొడుతుంది. ఆ పిల్ల తియ్యదు. గడియ పెట్టుకుని లోపల నిలబడుతుంది. అది కాసేపు ఉండి మళ్ళీ మెట్లు దిగిపోతుంది. అంతే. మెల్లగా, ఒక్కో మెట్టూ, చప్పుడు తగ్గిపోతూ.

అది నేనే. ఆ వేళ పొద్దున అన్న తడి క్యాన్ తెచ్చి నా బొమ్మల కట్ట మీద పెట్టాడు. నెల రోజుల పని. రంగులన్నీ కలిసిపోయాయి. నేను అనరాని మాటలన్నాను. “నీకేం తెలుసు గీయడమంటే, నీళ్ళు మోసుకునేవాడివి” అన్నాను. మధ్యాహ్నం తిండికి వచ్చాడు. తలుపు రెండుసార్లు కొట్టాడు. నేను లోపల ఉండి తియ్యలేదు. చాలాసేపు నిలబడ్డాడు. తరవాత మెల్లగా దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రం వాళ్ళ నీళ్ళ బండి బోల్తాపడింది.

తినకుండా వెళ్ళాడమ్మా. నా మాట మనసులో పెట్టుకుని ఖాళీ కడుపుతో వెళ్ళాడు. ఇది నీకు చెప్పే ధైర్యం రెండేళ్ళలో రాలేదు. చెప్పలేక గీశాను. చివర నీకు నచ్చిందనుకున్నప్పుడు, తెలిసి కూడా క్షమించావేమో అనుకున్నాను.

ఇప్పుడు చెప్పు, వేయమంటావా వద్దంటావా.

గువ్వ

మార్చి 4

గువ్వా,

నీ ఉత్తరం కంటే ముందే చూశాను. ఆదివారం మధ్యాహ్నం, నాన్న పక్కన కూర్చున్నాడు. మెట్ల దగ్గర ఆయన చేయి నా చేతి మీద పడింది, కాబట్టి ఆయనకీ తెలిసిపోయింది. చివర అయ్యాక మొహం తిప్పుకుని “తలుపు చెక్క బాగా గీసింది” అన్నాడు. అంత మెచ్చుకోలు ఆ నోటినుంచి నా పెళ్ళయ్యాక వినలేదు.

ఆ తలుపు మన ఇంటి తలుపని చూడగానే తెలిసింది. ఆ పిల్ల ఎందుకు తియ్యదో తెలియలేదు. నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు, నిలబడి చదవకు.

మీ అన్న ఆవేళ తినకుండా వెళ్ళలేదు. నా దగ్గరికి వచ్చాడు. లాండ్రీ వెనక గేటు దగ్గర, తడి దుప్పట్లు ఆరేసే తీగల కింద. “అమ్మా, డబ్బా తీసుకురా” అని బయటినుంచే కేకేశాడు. నా డబ్బాలో నాకు రెండు ముద్దలు మిగిల్చి అంతా ఊడ్చేశాడు. ఇస్త్రీ వదిన డబ్బాలోనూ చేయి పెట్టాడు, ఆవిడ చేతి మీద ఒకటి వేసింది. ఇంట్లో ఎందుకు తినలేదురా అంటే నవ్వాడు. “దాని బొమ్మలన్నీ తడిపేశాను. తలుపు తియ్యలేదు” అన్నాడు. “గట్టిగా కొట్టలేకపోయావా” అన్నాను. “కొట్టేవాణ్ణే. లోపల పెన్సిలు చప్పుడు వినిపించింది. అప్పుడే మళ్ళీ మొదలెట్టేసిందమ్మా. కాసేపు నిలబడి విన్నాను. ఇప్పుడు తలుపు కొడితే దాని గీత వంకర పోతుంది, ఎందుకులే అని వచ్చేశాను. గట్టి పిండం అది” అన్నాడు.

నువ్వు లోపలినుంచి వాడి చప్పుడు వింటున్నావు, వాడు బయటినుంచి నీ చప్పుడు విన్నాడు. ఈ సంగతి నీకు అప్పుడే చెప్పి ఉండవలసింది. అది నాకు మామూలు మాటలా తోచింది తల్లీ, కొడుకు వచ్చి తిని వెళ్ళడంలో చెప్పడానికేముంది? నీ గుండెలో ఇంత ముల్లు ఉందని నాకేం తెలుసు. వాడు పోయాక వాడి మాట ఎత్తితే నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. నా మొహం చూడలేక వెళ్తున్నావనుకుని నేనూ ఎత్తడం మానేశాను. ఇద్దరం ఒకే ఇంట్లో అలా పది నెలలు తిరిగాం, నువ్వు ఉద్యోగానికి వెళ్ళేదాకా.

నువ్వన్న మాట సంగతా? నీళ్ళు మోసుకునేవాడివి అన్నావని వాడు నాకు చెప్పనే లేదు. తిండి దగ్గర కూర్చుంటే వాడి కడుపులో ఏదీ దాగదు. చెప్పలేదంటే తగల్లేదని.

ఇప్పుడు సినిమా. వెయ్యి. వెయ్యి అంటే నా మీద ప్రేమతో ఊరికే వెయ్యకు, చివర తప్పు దిద్ది వెయ్యి.

ఆ పిల్ల తలుపు తియ్యాలో వద్దో నేను చెప్పను, అది నీ కథ. నేను పట్టేది దిగే చప్పుడు. నువ్వు ఒక్కో మెట్టూ మెల్లగా దింపావు. క్యాన్ గుమ్మంలో దించేశాక ఖాళీ చేతులతో మీ అన్న ఎప్పుడైనా అలా దిగాడా? ఎక్కేటప్పుడు బరువు కాబట్టి ఆగి ఆగి ఎక్కేవాడు. దిగేటప్పుడు రెండేసి మెట్లు దూకేవాడు. అందులోనూ ఆకలి మీద ఉన్నవాడు. నువ్వు ఆవేళ్టి చప్పుడు మళ్ళీ ఒకసారి తలుచుకో. రెండేళ్ళు బాధ దాన్ని నొక్కి నొక్కి మెల్లగా చేసిందేమో చూడు. కింది వాటా ఆవిడ అరవలేదూ?

మీ అమ్మ

మార్చి 16

అమ్మా,

అరిచింది.

నీ ఉత్తరం మంచం మీద కూర్చునే చదివాను. కళ్ళు మూసుకుని తలుచుకుంటే ముందు మెల్లటి చప్పుడే వచ్చింది. తరవాత కింది వాటా ఆవిడ గొంతు వచ్చింది. “మెట్లు నీ బాబువా, విరిగితే ఎవరు కట్టిస్తారు” అని. అది ఆవేళే అమ్మా, ఇంకోరోజు కాదు, ఎందుకంటే నేను లోపల ఆ మాటకి నవ్వు ఆపుకున్నాను. కోపంగా ఉండాలనుకుంటూ నవ్వు ఆపుకున్నాను. అది ఎలా మరిచిపోయానో తెలియదు.

మార్చి పది సాయంత్రం అయిదింటికి హాలు మూసేస్తారు. నాలుగూ ఇరవైకి కాపీ ఇచ్చాను. కొత్త చప్పుడు కోసం మా హాస్టల్ మెట్ల మీద రెండేసి దూకి నేనే రికార్డు చేశాను. వార్డెన్ వచ్చింది. ఆవిడ అరుపు కూడా రికార్డయింది. దూరంగా, మాట తెలియకుండా. ఉంచేశాను.

నిన్న వేశారు. డెబ్బై కుర్చీలు, వెనక నిలబడినవాళ్ళు కూడా ఉన్నారు. నాది ఏడోది. మూడో మెట్టు మీద గుట్ట ఇటునుంచి అటు జరిగినప్పుడు ముందు వరసలో ఒకాయన పక్కనున్న ఎవరో తెలియనావిడ చేయి పట్టేసుకున్నాడు. చివర ఆ పిల్ల తలుపు తియ్యలేదమ్మా, అలాగే ఉంచాను. తియ్యలేదు కాబట్టి తియ్యలేదు. కానీ దడదడమని రెండేసి మెట్లు దిగిన చప్పుడు వచ్చేసరికి ఎవరో ఫక్కున నవ్వారు. దయ్యం సినిమాలో నవ్వారు.

బహుమతి నాకు రాలేదు, ఒక పిల్లి సినిమాకి వచ్చింది. బాగుంది అది, న్యాయంగానే వచ్చింది. బయట ఒక పెద్దాయన ఆపి “ఆ దుప్పటికి అంత బరువు ఎలా తెచ్చావమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?” అని అడిగారు. మా అమ్మ దగ్గర అన్నాను. మీ అమ్మగారు ఏం చేస్తారు అన్నారు. దుప్పట్లలో తప్పులు పడతారు అన్నాను.

చివర్లో పేర్లు పడతాయి కదా. రెండే వరసలు. గీసింది నేను. తప్పులు పట్టింది అమ్మ. కొత్త కాపీ ముక్క ఇందులో పెట్టాను, పిన్నీసుతో పొడవవద్దని నాన్నకి చెప్పు.

నీ గువ్వ

మార్చి 22

గువ్వా,

ముక్క అందింది. నాన్న పొడవలేదు, అగ్గిపుల్ల వాడాడు.

ఆ పెద్దాయన ఎవరోగానీ ఆయన కడుపు చల్లగా ఉండాలి. మా అమ్మ దగ్గర అన్నాను అని నువ్వు రాసిన వాక్యం మీద నీళ్ళు పడి కొంచెం అలుక్కుపోయింది, ఇంకొకసారి రాసి పంపు.

మీ నాన్న సంగతి చెప్పాలి. కాపలా కాసే ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చేపోయే లారీ డ్రైవర్లందరికీ చూపిస్తున్నాడట. మెట్లు రాకముందే “ఇక్కడ జాగ్రత్త, ఇప్పుడు ఆగుతాడు” అని ముందే చెప్పేస్తాడట. ఒక డ్రైవరు “బాబాయ్, నువ్వు చెప్పకపోతే భయపడేవాణ్ణి కదా” అని గోల పెట్టాడట. చెప్పకుండా చూపించమని నేనూ చెప్పాను, వినడు. రెండేళ్ళ తరవాత ఇంట్లో వాడి మాట మళ్ళీ నడుస్తోంది. వాడు ఒకసారి క్యాన్ పట్టుకుని జారి మెట్లన్నీ కడిగేసిన సంగతి నిన్న నాన్నే ఎత్తి, నాన్నే నవ్వాడు.

మొన్న లాండ్రీలో మళ్ళీ వేశాను. ఈసారి అందరూ వచ్చారు, కుట్టు సెక్షన్ వాళ్ళు కూడా, పన్నెండు మంది. నేనే ఫోను పట్టుకుని నిలబడ్డాను, ఆపడానికి కాదు, అందరికీ కనబడాలని. మూడో మెట్టు మీద ఆగింది. గుట్ట జరిగింది. ఇస్త్రీ వదిన నా కొంగు గుప్పిట్లో పట్టుకుని “అమ్మో, దాని భుజం మీద ఏమిటే అది?” అంది.

నీళ్ళ క్యాన్ అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తన డబ్బాలో చేయి పెట్టినవాడు కదా, ఆవిడకి అక్కడితో తెలిసింది. మిగతావాళ్ళకి తెలియదు. అందుకని అందరికీ వినబడేలా చెప్పాను. “అది దయ్యం కాదు, నా కొడుకు. పోయి రెండేళ్ళయింది. గీసింది నా కూతురు.” బాయిలర్ తాత లేచి పొగలు చిమ్మే ఆ మిషను ఆపి వచ్చాడు, చప్పుడు సరిగా వినబడాలని. చివర రెండేసి మెట్లు దిగుతుంటే అందరం విన్నాం.

పేర్లు వచ్చినప్పుడు కుట్టు సెక్షన్ అమ్మాయి పైకి చదివింది. తప్పులు పట్టింది అమ్మ, అని. ఇంకోసారి చదవమన్నాను.

సెలవులు పెట్టి గీశావు, ఆ మూడు రోజులూ ఏం తిన్నావో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఒళ్ళు చూసుకో తల్లీ. వేళకి తిను, కడుపునిండా తిను.

మీ అమ్మ